కేటీ రోడ్డు గులాబీ

హ్యూస్టన్‌కి పడమట ఉన్న కేటీలో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ ఊరి పేరుతో ఒక గులాబీ ఉందని మీలో ఎందరికి తెలుసు?

1980లలో టెక్సాస్‌లో కొందరు పాడుబడిన ఇళ్ళ పెరళ్ళలోనూ, పాత సమాధుల దగ్గరా దిక్కులేకుండా బతుకుతున్న గులాబీల కోసం తిరిగేవారు. తమకు "రోజ్ రస్లర్స్" అని పేరు పెట్టుకున్నారు. రస్లర్ అంటే పశువుల దొంగ! నిజానికి ఇంటివాళ్ళని అడిగి ఒకటో రెండో కొమ్మలు తీసుకోవడమే వాళ్ళ పద్ధతి. పూత అయిపోయిన కొమ్మ, పెన్సిలంత లావు, జానెడు పొడవు. కింది ఆకులు తుంచి, తడిమట్టిలో గుచ్చి, పైన గాజుసీసా బోర్లించి నీడన ఉంచితే నెలా రెండు నెలల్లో వేళ్ళు వస్తాయి. అన్నీ బతకవు, అది వేరే సంగతి.

చిక్కల్లా పేరు దగ్గరే. నాటినవాళ్ళతోనే పేరూ పోయింది. అందుకని దొరికిన చోటు పేరో, ఆ ఇంటి ఆవిడ పేరో పెట్టేవారు. నవసోటాలో దొరికిన ఎర్రగులాబీ "మార్తా గొంజాలెస్" అయింది. కేటీ రోడ్డు పక్కన దొరికింది "కేటీ రోడ్ పింక్" అయింది.

తీరా చూస్తే ఈ రెండోది పాతది కానే కాదు! అయోవాలో గ్రిఫిత్ బక్ తయారుచేయగా 1977లో బయటికొచ్చిన "కేర్‌ఫ్రీ బ్యూటీ" అది. అంత కొత్తదానికే పేరు పోయిందంటే, వందేళ్ళనాటి వాటి సంగతి వేరే చెప్పాలా? టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం వారి మేలురకాల జాబితాలో ఇప్పటికీ దానికి రెండు పేర్లూ ఉన్నాయి.