ఏ కొలువులో చేరాలి? – ఆసఫ్‌జాహీ హైదరాబాదులో సిపాయి ఎంపిక: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఆసఫ్‌జాహీల హైదరాబాదులో సైన్యం ఒక్కటి కాదు. నిజాం సొంత దళాలు, జమేదార్ల జమీయతులు, పాయిగా అమీరుల బలగాలు, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన కంటింజెంటు, సికింద్రాబాదులోని సహాయక సైన్యం పక్కపక్కనే ఉండేవి. ఆయుధం పట్టి బతకదలచిన మనిషి వీటిలో దేనిలో చేరాడు, ఎందుకు చేరాడు అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. జాతి, మతం, శౌర్యం అనే పేర్లతో చరిత్ర రచన చెబుతూ వచ్చిన కారణాల కంటే, జీతం చేతికి అందుతుందన్న హామీ, ఆ హామీకి పూచీ పడే మనిషి ఈ ఎంపికను ఎక్కువగా నిర్ణయించాయని వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ఎంపిక పర్యవసానం తరాల తర్వాత 1948లో వారసుల మీద పడిన తీరును కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆసఫ్‌జాహీలు, జమీయతు, కంటింజెంటు, బర్కాస్, జమేదారు, తిలంగా, సాలార్‌జంగ్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు జంటనగరాల పేటల పేర్లలో సైనిక చరిత్ర ఇంకా నిలిచి ఉంది. చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే బర్కాస్ 'బారక్స్' అనే ఇంగ్లీషు మాటకు స్థానిక రూపం. మాసబ్ ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్ ఆఫ్రికన్ అశ్వదళాన్ని, దాని సమీపంలోని ఫస్ట్ లాన్సర్ మరో అశ్వదళాన్ని గుర్తుచేస్తాయి. బొల్లారంలో రిసాలా బజారు ఉంది. సికింద్రాబాదును నేటికీ జనం లష్కర్ అంటారు. ఇన్ని పేర్లు ఒకే సైన్యానివి కావు. వాటి వెనుక వేర్వేరు యజమానులు, వేర్వేరు జీతాలు, వేర్వేరు న్యాయాలు ఉన్నాయి.

హైదరాబాదు సైనిక చరిత్ర సాధారణంగా ఒప్పందాల చరిత్రగా, లేదా నవాబుల, రెసిడెంట్ల చరిత్రగా సాగింది. కొలువు కోసం వచ్చిన మనిషి వైపు నుంచి చూస్తే అదే చరిత్ర మరోలా కనిపిస్తుంది. ఒప్పందాలు అతనికి ఎన్ని తలుపులు తెరిచాయి, ఏ తలుపు ఎవరికి మూసి ఉంది అన్న ప్రశ్నలు అప్పుడు ముందుకు వస్తాయి.

2. పక్కపక్కన అయిదు కొలువులు

మొదటిది నిజాం సర్కారు క్రమబద్ధ సైన్యం. రెండవది అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు మొదలైనవారితో కూడిన క్రమరహిత దళాలు. వీటిలో సిపాయికి, సర్కారుకు మధ్య జమేదారు ఉండేవాడు. దివాను చందూలాల్ కోరిక మీద 1832లో మహారాజా రంజిత్‌సింగ్ పంపిన సిక్కు దళం ఈ కోవకు చెందుతుంది. అత్తాపూర్ దగ్గరి సిక్కు ఛావనీ ఆ రాకకు గుర్తు. మూడవది పాయిగా అమీరుల బలగం. నిజాం కోసం దళాలను పోషించే షరతు మీద ఆ కుటుంబానికి జాగీర్లు దక్కాయి. పీసల్‌బండ ప్రాంతంలోని పాయిగా సమాధులు ఆ వంశ వైభవానికి సాక్ష్యాలు.

నాలుగవది కంటింజెంటు. 1811 నుంచి 1820 వరకు రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ హయాంలో ఇది రూపుదిద్దుకుంది. జీతం ఇచ్చేది నిజాం, ఆజ్ఞలిచ్చేది బ్రిటిష్ అధికారులు. అయిదవది 1798 సెప్టెంబరు 1 నాటి ఒప్పందంతో స్థిరపడిన సహాయక సైన్యం. ఆరు పటాలాల ఈ సైన్యానికి నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలని ఒప్పందం. 1806లో సికిందర్ జా పేరుతో వెలసిన సికింద్రాబాదు దాని స్థావరమైంది. 1800 నాటి ఒప్పందంతో ఆ ఖర్చుకు బదులుగా దత్తమండలాలు కంపెనీ వశమయ్యాయి.

స్థూలంగా చూస్తే, మూసీకి దక్షిణాన పాతనగరంలో అమీరుల, జమేదార్ల పలుకుబడి సాగింది. ఉత్తరాన రెసిడెన్సీ, బొల్లారం, సికింద్రాబాదులలో బ్రిటిష్ అధికారుల మాట సాగింది. కొలువు కోసం మూసీ దాటడమంటే యజమానిని మార్చడమే.

3. జీతమా? మాటా?

సిపాయి ఎంపికలో జీతం మొత్తం కంటే అది సకాలంలో అందడం ముఖ్యం. ఇందుకు తొలి సాక్ష్యం ఫ్రెంచి దళం. మూసారాంగా జనం నోట నిలిచిన మిషెల్ రేమాన్ నిజాం అలీఖాన్ కొలువులో పెద్ద దళాన్ని తీర్చిదిద్దాడు. 1798 మార్చిలో అతడు మరణించాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద అతని సమాధి ఉంది. ఆ ఏడాది అక్టోబరులో పదివేలకు పైబడిన ఆ దళాన్ని నిరాయుధం చేయడానికి కంపెనీ సైన్యం యుద్ధం చేయవలసిన అవసరం రాలేదు. జీతం బకాయిలు పేరుకుపోయి సిపాయిలు అప్పటికే తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉన్నారు. బకాయిలు ఇప్పిస్తామన్న మాట మీద వారు ఆయుధాలు దించారు. దళం విచ్ఛిన్నం కావడంలో దౌత్యం ఎంత పనిచేసిందో చెల్లించని జీతం అంత పనిచేసింది.

కంటింజెంటు ఆకర్షణ కూడా ఇక్కడే ఉంది. అయితే అందులోనూ తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. దాని అశ్వదళంలో సిలాదారీ పద్ధతి ఉండేది. గుర్రం, సామగ్రి రౌతు తెచ్చుకోవాలి. గుర్రంతో కూడిన ఆ స్థానాన్ని అసామీ అనేవారు. దానిని కొనడం, అమ్మడం జరిగేది. సొంత గుర్రం లేనివాడు మరొకరి గుర్రం మీద బార్గీరుగా పనిచేయాలి. కనుక అశ్వదళమా, పదాతిదళమా అన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. చేతిలో పెట్టుబడి ఉందా, అప్పిచ్చేవాడు ఉన్నాడా అన్నదే అసలు ప్రశ్న.

కంటింజెంటు సిపాయికి సకాలంలో అందిన జీతానికి రాజ్యం పెద్ద మూల్యమే చెల్లించింది. ఆ ఖర్చు కోసం పామర్ అండ్ కంపెనీ వంటి సంస్థల దగ్గర అధిక వడ్డీకి అప్పులు చేయవలసి వచ్చింది. చివరకు 1853లో కంటింజెంటు ఖర్చుల కింద బేరారు, ధారాశివ్, రాయచూరు దోఆబ్ ప్రాంతాలను బ్రిటిష్ వారికి అప్పగించవలసి వచ్చింది. చివరి రెండూ 1860లో తిరిగి వచ్చాయి. బేరారు రాలేదు. 1902లో ఏటా 25 లక్షల రూపాయల కౌలుకు అది శాశ్వతంగా బ్రిటిష్ పాలన కిందికి వెళ్లింది. ఒక సిపాయికి భరోసా అయిన జీతమే రాజ్యానికి భూభాగ నష్టమైంది.

4. జమేదారు పూచీ: పాతనగరపు అరబ్బులు

బ్రిటిష్ అధికారి హామీకి దీటుగా పాతనగరంలో నిలిచినది జమేదారు హామీ. దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు ఇందుకు ప్రధాన ఉదాహరణ. 1817–18 మరాఠా యుద్ధం తర్వాత నాగపూరు వంటి కొలువులు మూతపడడంతో చాలామంది హైదరాబాదు చేరారు. నాగపూరు భోంస్లేల వద్ద పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ కూడా ఇక్కడికే వచ్చి జమేదారుగా ఎదిగాడు.

సర్కారు తలకింత చొప్పున జమేదారుకు చెల్లించేది. జమేదారు తన మనుషులకు పంచేవాడు. అతడే సర్కారుకూ, అమీరులకూ అప్పులిచ్చి, తాకట్టుగా తాలూకాల శిస్తును చేజిక్కించుకునేవాడు. కొత్తగా ఓడ దిగినవాడికి భాష రాదు, ఊరు తెలియదు. తన తెగవాడైన జమేదారు దగ్గర చేరడం అతనికి ఉద్యోగం, బస, పూచీ, పెళ్లి సంబంధం అన్నీ కలిసిన ఏర్పాటు. ఖుఐతీ మనిషి కథీరీ జమేదారు దగ్గర చేరడం అరుదు. తెగల వైరం సముద్రం దాటి వచ్చింది, తిరిగి సముద్రం దాటి వెళ్లింది కూడా. హైదరాబాదులో కూడిన ధనంతో ఖుఐతీలు హద్రమౌత్‌లో ఒక సుల్తానత్తునే నిలిపారు. అది 1967 వరకు కొనసాగింది.

1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ఈ పూచీ వ్యవస్థ మూలాన్నే కదిలించాడు. జమేదార్ల చేతిలోని తాలూకాలను క్రమంగా విడిపించాడు. 1865లో జిల్లాబందీతో శిస్తు వసూలును జీతగాళ్లైన అధికారులకు అప్పగించాడు. శిస్తు మీద పట్టు పోయాక జమేదారు అప్పిచ్చే శక్తి తగ్గింది. అరబ్బు సిపాయి కొలువు మాత్రం మిగిలింది. మైసారం, బర్కాస్ ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలలో ఆ కొలువు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించింది. తొలి తరం చేసిన ఎంపిక మలి తరానికి పుట్టుకగా మారింది.

5. 1857: ఎంపికను మార్చుకున్న జమేదారు

చేరినవాడు ఎవరి మీద తుపాకి ఎత్తవలసి వస్తుందో చేరేనాడు తెలియదు. 1857 ఆ ప్రశ్నను కంటింజెంటు ముందు పెట్టింది. బుల్డానాలోని అశ్వదళానికి చెందిన జమేదారు చీదాఖాన్ ఢిల్లీ వైపు నడవడానికి నిరాకరించి, కొద్దిమందితో హైదరాబాదు వచ్చాడు. నిజాం ఆశ్రయం దొరుకుతుందని ఆశించాడు. సాలార్‌జంగ్ అతణ్ని పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు.

అతని విడుదలను కోరుతూ 1857 జులై 17, శుక్రవారం సాయంత్రం తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీ మీద దాడి చేశారు. మద్రాసు సైన్యపు ఫిరంగులు వారిని తిప్పికొట్టాయి. తుర్రేబాజ్‌ఖాన్ 1859లో తూప్రాన్ దగ్గర హతుడయ్యాడు. అల్లాఉద్దీన్ అండమానుకు ప్రవాస శిక్ష పొందాడు. అదే కంటింజెంటులోని ఇతర దళాలు సర్ హ్యూ రోజ్ వెంట మధ్యభారత పోరాటాలలో బ్రిటిష్ పక్షాన పాల్గొన్నాయి.

ఒకే కొలువు, ఒకే జీతం, రెండు దారులు. జీతం హామీ సిపాయిని కొలువులోకి తెచ్చే శక్తి గలదే. కానీ అతని మనస్సాక్షిని ఎల్లకాలం కట్టిపడేసే శక్తి దానికి లేదని చీదాఖాన్ ఉదంతం చెబుతుంది. ఈ వ్యాస ప్రతిపాదనకు హద్దు కూడా ఇదే.

6. తెలుగువారి స్థానం

ఈ కొలువులలో స్థానిక తెలుగువాడు ఎక్కడ? పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ కోరమాండల్ తీరంలో సమకూర్చిన సిపాయిలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారిని చూసిన ఉత్తర హిందుస్థానంలో కంపెనీ సిపాయికి 'తిలంగా' అన్న పేరే స్థిరపడింది. ఆ పేరు ప్రాంతాన్ని వదిలి వృత్తినామంగా మారిపోయింది. సికింద్రాబాదులోని మద్రాసు పటాలాలలో తెలుగు సిపాయి కనిపిస్తాడు. మూసీకి ఆవల జమేదార్ల జమీయతులలో మాత్రం అతనికి పూచీ పడేవాడు లేడు.

పటాలాన్ని అంటిపెట్టుకున్న మరో తెలుగు బతుకు ఉంది. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయ ఐతిహ్యం ప్రకారం, 1813లో పటాలంతో ఉజ్జయినికి వెళ్లిన డోలీ మోసే ఉద్యోగి సురిటి అప్పయ్య, కలరా తగ్గితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకుని, తిరిగి వచ్చాక మొక్కు చెల్లించాడు. లష్కర్ బోనాలకు మూలంగా చెప్పే ఈ కథలో తెలుగువాడు తుపాకి పట్టినవాడు కాదు, డోలీ మోసినవాడు. సైన్యమంటే ఆయుధధారులే కాదని, మోతగాళ్లు, సేవకులు కూడా దానిలో భాగమేనని ఈ ఐతిహ్యం గుర్తుచేస్తుంది.

పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో ఆ కొద్దిపాటి అవకాశమూ కుదించుకుపోయింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత 1893 వరకు భారత సైన్యానికి సర్వసేనాని అయిన ఫ్రెడరిక్ రాబర్ట్స్ 'యుద్ధజాతుల' సిద్ధాంతాన్ని బలంగా సమర్థించాడు. దక్షిణాది వారు యుద్ధానికి తగరన్న ఆ అభిప్రాయం తెలుగువారి నియామకాలను తగ్గించింది. ఉత్తర హిందుస్థానంలో సిపాయికి తన పేరునే ఇచ్చిన జాతి సిపాయిగా పనికిరాదనిపించుకుంది. మారినది తెలుగువాడి శౌర్యం కాదు, తలుపు దగ్గర నిలిచిన అధికారి జాబితా.

7. విలీనాలు, విసర్జనలు

1887లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వాయవ్య సరిహద్దు రక్షణకు 60 లక్షల రూపాయలు ఇవ్వజూపాడు. సంస్థానాలలో ఇంపీరియల్ సర్వీసు దళాల ఏర్పాటుకు ఇది ప్రేరణ అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కోవకు చెందిన హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనాలకు వెళ్లారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి శిల్పాలు హైదరాబాదు, జోధపూరు, మైసూరు లాన్సర్ల స్మారకం. కంటింజెంటు వారసత్వం గల డెక్కన్ హార్స్ 1916 జులై 14న ఫ్రాన్సులో సోమ్ రణరంగంలోని హైవుడ్ దగ్గర పోరాడింది.

కంటింజెంటు 1903లో భారత సైన్యంలో కలిసిపోయింది. దాని పదాతిదళాల నుంచి 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటు ఏర్పడింది. 1945లో అది కుమావూ రెజిమెంటు అయింది. డెక్కన్ హార్స్ నేటికీ భారత సైన్యంలో కవచదళంగా ఉంది.

పాతనగరపు కొలువుకు అటువంటి కొనసాగింపు దక్కలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. 18న సంస్థాన సేనాధిపతి సయ్యద్ అహ్మద్ అల్ ఇద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. తర్వాత క్రమరహిత దళాలు రద్దయ్యాయి. అరబ్బులు, పఠాన్లు విదేశీయులన్న గుర్తింపుతో నిర్బంధానికి గురయ్యారు. కొందరిని ఓడలలో పంపివేశారు. స్థానిక తల్లులకు పుట్టి, దక్కనీ మాట్లాడే మువల్లదులకు కూడా తాము ఎవరమన్న ప్రశ్న ఎదురైంది. తాతలు జీతం కోసం చేసిన ఎంపిక మనుమల పౌరసత్వ ప్రశ్నగా పరిణమించింది.

8. ముగింపు

నిజాం ఖజానా సొమ్ముతోనే కంటింజెంటూ, అరబ్బు జమీయతూ బతికాయి. ఒకటి పేరు మార్చుకుని జాతీయ సైన్యంలో గౌరవ పరంపరగా నిలిచింది. రెండవది పరాయిదై చెదిరిపోయింది. ఈ తేడాకు సిపాయిల విధేయతలోనో, ధైర్యసాహసాలలోనో కారణం వెదకడం సరికాదు. ఎవరి పూచీ మీద చేరారు, ఆ పూచీదారు ఏ రాజ్యంలో నిలబడ్డాడు అన్నవే దీనిని నిర్ణయించాయి.

కనుక 'యుద్ధజాతి', 'కిరాయి సైనికుడు', 'విదేశీయుడు' వంటి మాటలను వర్ణనలుగా కాక, నియామకం చేసిన వ్యవస్థలు అతికించిన ముద్రలుగా చదవవలసి ఉంటుంది. సిపాయిని జీతం, అప్పు, బంధుత్వం, మనస్సాక్షి మధ్య నిర్ణయం తీసుకున్న మనిషిగా చూసినప్పుడు బర్కాస్ బారకాసులు, లష్కర్ డోలీలు, రెసిడెన్సీ ఫిరంగులు ఒకే సామాజిక చరిత్రలోకి వస్తాయి. స్థలనామాలనూ, ఆలయ ఐతిహ్యాలనూ, పాతనగర కుటుంబాల మౌఖిక స్మృతులనూ ప్రభుత్వ పత్రాల పక్కన నిలిపి పరిశోధించినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.