పాత పికప్‌కి కరెంటు మోటారు: బరువు లెక్క మర్చిపోకండి

పాత బండి ఇంజన్ పీకేసి మోటారు, బ్యాటరీలు పెట్టిన వీడియోలు ఫోన్లో తెగ తిరుగుతున్నాయి. డీజిల్ ఖర్చు తప్పుతుందంటే ఎవరికి ఆశ ఉండదు? కానీ ఇది నిన్న మొన్నటి పని కాదండీ. అమెరికాలో యాభై ఏళ్ల కిందటే ఇళ్లలో చేశారు. వాళ్ల లెక్కలు తెలిస్తే మన డబ్బు దండగ కాదు.

1900లో అమెరికాలో తయారైన బండ్లు 4,192. అందులో 1,575 కరెంటువి, పెట్రోలువి 936 మాత్రమే. మిగతావి ఆవిరివి. తర్వాత పెట్రోలు చవకైంది. 1912లో కాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చి, హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. కరెంటు బండి మూలన పడింది.

1973లో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పీపా మూడు డాలర్ల దగ్గర నుంచి కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దాకా పోయింది. బంకుల ముందు బారులు. అప్పుడు కొందరు పాత విమానాల జనరేటర్లు కొని, మోటార్లుగా మార్చి తమ కార్లకు బిగించారు.

తర్వాత వాళ్ల చూపు చిన్న పికప్‌ల మీద పడింది. ఫోర్డ్ రేంజర్, షెవర్లే ఎస్-10 లాంటివి. ఛాసిస్ గట్టిది, ట్రాలీ కింద బ్యాటరీలకు చోటుంది. ఇంజన్, రేడియేటర్, ట్యాంకు, సైలెన్సర్ తీసేసేవారు. గేర్‌బాక్స్ ఉంచి, దానికి ఇనుప ప్లేటుతో మోటారు కలిపేవారు. ఇంజన్ ఆగితే బ్రేకు గట్టిపడటం మీకు తెలిసిందే కదా, అందుకని బ్రేకుకి వేరే వాక్యూమ్ పంపు పెట్టేవారు.

అసలు చిక్కు బ్యాటరీల దగ్గర. 6 వోల్టుల లెడ్ బ్యాటరీలు 20 దాకా పెట్టేవారు. ఒక్కోటి 28 కిలోలు, మొత్తం 560 కిలోలు. అన్నీ కలిపి కాగితం మీద 26 యూనిట్లు. నడిచేది మహా అయితే 60, 70 కిలోమీటర్లు. బండి మోయాల్సిన బరువులో ఎక్కువ భాగం బ్యాటరీలే తినేసేవి. సొంత పనులకు తిరిగేవాళ్లకు అది చాలింది, సరుకు మోసేవాళ్లకు చాలలేదు. 1997లో జనరల్ మోటార్స్ కంపెనీయే ఎస్-10ని కరెంటుతో తెచ్చింది. అయిదొందలు కూడా తయారు కాలేదు.

2010 తర్వాత లిథియం బ్యాటరీల కార్లు ఎక్కువయ్యాయి. దెబ్బతిన్న నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు పాత బండ్లకు ఎక్కించడం మొదలైంది. అదే కరెంటుకు బరువు దాదాపు సగమైంది. ఇప్పుడు మనం చూస్తున్న వీడియోల వెనక ఉన్నది ఈ మార్పే.

మరి మన సంగతి? మనకు ఖాళీ బండి తిరిగితే సరిపోదు. బస్తాలు వేసుకుని మార్కెట్ యార్డుకు పోయి రావాలి. కిట్ అమ్మేవాళ్లు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చెబుతారు. ఎన్ని బస్తాలతో వస్తుందో మీరు అడగండి. బరువు వేసి, ఎత్తు ఎక్కించి చూపించమనండి. బ్యాటరీ మార్చాల్సి వస్తే ఎంతవుతుందో కూడా రాయించుకోండి.

ఇంకో మాట. మన దేశంలో ఇంట్లో బిగించేసుకుని రోడ్డెక్కితే కుదరదు. ఆమోదం ఉన్న కిట్టే వేయించాలి, ఆర్సీలో ఇంధనం మార్పించాలి. లేదంటే ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతాం. తొందరపడకండి, లెక్క చూసుకుని దిగండి.