ఆరణి యేటి దిగువ నొక లైడెన్ విద్యార్థి

ఆరణి యనిన వెంటనే పట్టుచీరల ఆరణి యని తలచుట లోకులకు పరిపాటి. ఆ యూరు తిరువణ్ణామలై జిల్లాలోనిది. మాది పొన్నేరి ప్రాంతమున, ఏటి పేరే తన పేరుగా గల చిన్న ఆరణి. ఆ యేరు చిత్తూరు సీమ కొండలలో బుట్టి, పిచ్చాటూరు దాటి, శివుడు శయనించి దర్శనమిచ్చు సురుటుపల్లి ప్రక్కగా బాఱి, ఊత్తుకోట, పెరియపాళెముల మీదుగా మా వైపునకు వచ్చి, కడకు ప్రళయకావేరిలో కలియుచున్నది. ప్రళయకావేరి యనగా నేటివారు పులికాటు సరస్సని పిలుచు ఉప్పునీటి మడుగు. దాని కొసన సముద్రపు టొడ్డున నున్న పాత రేవుపట్టణమే పళవేర్కాడు. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దులు మార్చినపుడు తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకును చేరినవి. మేము గడప దాటలేదు. సరిహద్దే మా ముంగిట నటునిటు కదలినది. ఏరు మాత్రము వెనుకటివలెనే పైనుండి క్రిందికి వచ్చుచున్నది.

ఈ యేటి కథకును, హాలండు దేశపు విశ్వవిద్యాలయములకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఇప్పుడు మన యిండ్లలో 'ఎక్స్చేంజి చదువు' అను మాట తఱచు వినబడుచున్నది. పిల్లవాడు తాను చేరిన కళాశాలలోనే చేరియుండి, జీతమును ఇక్కడనే కట్టుచు, ఒక యర్ధసంవత్సరము విదేశ విశ్వవిద్యాలయమున జదివి, ఆ మార్కులను తెచ్చి ఇక్కడి లెక్కలో జేర్చుకొనును. హాలండులో సెప్టెంబరు మొదలు జనవరి చివర వఱకు నొక యర్ధము, ఫిబ్రవరి మొదలు వేసవి వఱకు రెండవ యర్ధము. ఏడాదికి అఱువది 'క్రెడిట్లు'. ఒక్కొక్క క్రెడిటునకు ఇరువది యెనిమిది గంటల శ్రమ యని వారి లెక్క. మార్కులు పదింటికి వేయుదురు. ఆఱు వచ్చిన గట్టెక్కినట్లు, ఎనిమిది వచ్చిన మిక్కిలి మెచ్చుకొన్నట్లు. పది వేయుట చాల యరుదు. నూటికి తొంబది యైదు వచ్చినను 'మిగిలిన యైదు ఏమాయెను' అని యడుగు మన తండ్రులు ఈ సంగతి ముందుగనే తెలిసికొనుట మేలు. పాఠములు చాలవఱకు ఇంగ్లీషులో దొరకును. దొరకనిది బస. చేర్చుకొన్నట్లు ఉత్తరము వచ్చిన నాడే గది వెదకుట ప్రారంభింపవలెను.

మా బంధువర్గములోని పిల్లవాడొకడు ఇటీవల నట్లే యొక యర్ధసంవత్సరము హాలండులో జదివి వచ్చెను. వాని ప్రధానవిద్య లెక్కలు, యంత్రములు. కుతూహలముకొలది చరిత్ర తరగతి యొకటి తీసికొనెను. అచ్చటి యుపాధ్యాయుడు మూడు నాలుగు వందల యేండ్లనాటి డచ్చి చేవ్రాతల నమూనాలు చూపుచు, 'పాలియకాట్టె' అను పేరును వ్రేలితో జూపి, 'మీ యూరికి దగ్గఱనే కదా, దీనిని గూర్చి చెప్పుము' అనెనట. మనవాడు చెప్పగలిగినది చేపల పులుసు సంగతియు, సెలవునాటి పడవ షికారును మాత్రమే! ఇంటికి వచ్చి ఈ మాట చెప్పినపుడు వాడు నవ్వెను గాని మాకు నవ్వు రాలేదు. ఆ యూరిని గూర్చి వానికి చెప్పవలసిన వారము మేము, చెప్పలేదు.

ఆ చెప్పనిది యిది. డచ్చివారు 1610లో చంద్రగిరి ప్రభువగు వేంకటపతిదేవరాయల యనుమతితో పళవేర్కాటిలో వర్తకశాల నెలకొల్పిరి. 1613లో గెల్డ్రియా అను కోటను గట్టిరి. 1690లో నాగపట్టణమునకు మారువఱకు కోరమండల తీరమున వారి ముఖ్యస్థానము ఇదియే. వారికి గావలసినది మన బట్ట. తూర్పు దీవులలో లవంగము, జాజికాయ పండించువారు వెండినాణెము కన్న ఈ తీరపు అద్దకపు బట్టలను, గళ్ల రుమాళ్లను ఎక్కువగా గోరుచుండిరి. కనుక మిరియపు వాసన తగిలిన డచ్చి వర్తకుడు మన మగ్గము గుంట దగ్గఱకు వచ్చి నిలువక తప్పలేదు.

ఆ దినములలో ఈ రేవున నిరువైపుల వారికిని నడుమ నిలిచినవాడు అచ్యుతప్ప సెట్టి యను బలిజ వర్తకుడు. డచ్చి కాగితములలో ఆయన పేరు 'మలయ' యనియు 'అస్త్రప్ప' యనియు గనబడును. మొదట దుబాసిగా చేరి, పిదప నోడలు గల సంపన్నుడై, రాజకార్యములందును చేయి గలవాడై 1634లో గాలము చేసెను. ఆయన తరువాత తమ్ముడు చిన్నన్న ఆ వ్యవహారము నడపెను. తమిళదేశపు రేవులో తెలుగు సెట్టి డచ్చివారితో బేరమాడుట ఆనాడు వింత కాదు. మన కుటుంబములు ఈ నేలకు నిన్న మొన్న వచ్చినవని యెవరైన ననినచో ఈ సెట్టి పేరు చెప్పవచ్చును.

సరిగా ఆ కాలముననే లైడెన్ నుండి యొక విద్యార్థి ఇచ్చటికి వచ్చెను. లైడెన్ విశ్వవిద్యాలయము 1575లో, స్పెయిను సేనల ముట్టడి నుండి పట్టణము విడుదలయైన మఱుసటి యేట, స్థాపితమైనది. 1622లో డచ్చి వర్తకసంఘము తూర్పుదేశములకు బంపవలసిన మతబోధకుల శిక్షణకై అచ్చట వాలేయుస్ అను ఆచార్యుని యింట నొక చిన్న విద్యాలయము పెట్టించెను. అది పదేండ్లకు మించి నడువలేదు. దానిలో జదివినవాడు అబ్రహాం రోజేరియుస్. 1632 నుండి 1642 వఱకు పళవేర్కాటి కోటలో బోధకుడుగా నుండెను.

చెప్పుటకు వచ్చినవాడు అడుగుటకు గూర్చుండుట ఆయన విశేషము. డచ్చివారి యాశ్రయమున నున్న పద్మనాభుడను బ్రాహ్మణుని జేరదీసి, మన యాచారములను, పండుగలను, పెండ్లిండ్లను, అంత్యక్రియలను, దేవతలను గూర్చి సంవత్సరముల తరబడి ప్రశ్నించి వ్రాసికొనెను. శిష్యుడు సంస్కృత మెఱుగడు, గురువు డచ్చి యెఱుగడు. నడుమ పోర్చుగీసు భాష యుండెను. పరాయివాని భాషలో ఇద్దఱును తడబడుచు మాటాడుకొనిన ఆ సంభాషణమే, మేము తలచునంతవఱకు, లైడెన్‌కును మన తీరమునకును జరిగిన తొలి 'ఎక్స్చేంజి'. రాకపోకలలో రాక మాత్రమే జరిగినది. పద్మనాభుని లైడెన్‌కు బిలిచిన వారెవరును లేరు.

రోజేరియుస్ స్వదేశమునకు మరలి 1649లో మరణించెను. ఆయన గ్రంథము 1651లో లైడెన్‌లో నచ్చుపడెను. 'గుప్తమైన యన్యమతమునకు దెఱచిన తలుపు' అని దాని పేరునకు భావము. 'అన్యమతము' అనుటలో నాటి బోధకుని దృష్టి యెట్టిదో తెలియుచునే యున్నది. దానిని దాచవలసిన పనిలేదు. అయినను లోపల ద్వేషము కన్న విచారణయే హెచ్చు. గ్రంథము చివర భర్తృహరి నీతి వైరాగ్య శతకముల భావములు డచ్చిలో నున్నవి. భర్తృహరి ఐరోపా భాష నొకదానిలో నచ్చున గనబడుట అదియే మొదలు. శృంగార శతకమును మాత్రము పద్మనాభుడు చెప్పుటకు ఇష్టపడలేదట! క్రైస్తవ బోధకుని యెదుట ఆ శ్లోకములకు భావము చెప్పుటకు ఆయన యెంత సంకోచపడెనో యూహించుకొన్నప్పుడు మాకు ఆయన మన పొరుగింటి పెద్దవలెనే తోచును. ఏనుగు లక్ష్మణకవి పద్యములతో ఆ శతకములను నేర్చిన మన తాతలకు ఈ సంగతి తెలిసియుండినచో ఎంత మురిసియుండెడివారో. ఆ గ్రంథము 1663లో జర్మనుకును, 1670లో ఫ్రెంచికిని మాఱెను. జర్మను కవి హెర్డర్ భర్తృహరి భావములను గ్రహించినది దాని మూలముననే. 1915లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయపు సంస్కృతాచార్యుడు కాలండ్ దానిని మరల పరిష్కరించి ప్రకటించెను.

ఇంతవఱకు జదివి డచ్చివారిని పొగడుటకు గూర్చుంటిమని తలపవలదు. ఆ కోట నుండియే మనుష్యులు బానిసలుగా ఓడల కెక్కింపబడిరి. కఱవు వచ్చినపుడు, ముఖ్యముగా 1646 ప్రాంతమున, కడుపు నిండక బిడ్డలను, తమ్మును దాము నమ్ముకొన్నవారు గలరు. వారిని గొని బటేవియాకు దరలించిన లెక్కలను ఆ వర్తకులే స్వహస్తములతో వ్రాసి యుంచిరి. బట్టల మూటల లెక్క యెట్లో మనుష్యుల లెక్కయు నట్లే. పళవేర్కాటి డచ్చి శ్మశానమున, ద్వారమునకు ఇరుప్రక్కల జెక్కిన యస్థిపంజరములను జూచి మన పిల్లలు ఫోటోలు దీసికొందురు. ఆ సమాధులలో పండుకొన్నవారికి పేర్లున్నవి. ఓడ లెక్కినవారికి మన వద్ద పేర్లు లేవు. ఉన్నచో హేగు నగరమున నుండవలెను.

ఏలయన ఆ వర్తకసంఘపు కాగితములలో బహుభాగము హేగులోని జాతీయ పత్రాగారమున నున్నవి. జకార్తా, కొలంబో, కేప్‌టౌన్, చెన్నపట్టణములందు నున్న వానితో గలిపి రెండున్నర కోట్ల పుటలని చెప్పుదురు. 2003లో యునెస్కో వానిని ప్రపంచస్మృతి పట్టికలో జేర్చెను. వంగదేశీయుడగు తపన్ రాయచౌధురి డచ్చి నేర్చి ఆ కాగితములు చదివి, 1605 మొదలు 1690 వఱకు కోరమండలమున డచ్చివారి చరిత్రను వ్రాసి 1962లో ప్రకటించెను. ఈ శతాబ్ది తొలి యేండ్లలో లైడెన్ విశ్వవిద్యాలయము ఆసియా విద్యార్థులను రప్పించి పాత డచ్చి చేవ్రాత చదువుట నేర్పించెను. ఇటీవల కేరళీయులు మలబారు కాగితములకై లైడెన్‌తో నొడంబడిక చేసికొనిరి. ఇప్పుడు లక్షలకొలది పుటలు యంత్రము చదివిన ప్రతులుగా, ఇంట గూర్చుండి వెదకుటకు వీలుగా నున్నవి. మలబారును మలయాళీలు చదువుకొనుచుండగా, గెల్డ్రియా కోటకు ఒక పూట ప్రయాణపు దూరమున నున్న మనము ఊరకుండుట న్యాయమా?

చదువుటకు డచ్చి యొక్కటి చాలదు. మన వాని యనుభవమే దీనికి సాక్ష్యము. తిరిగి వచ్చిన పిదప పట్టుదలతో ఆ పుటలను వెదకుచు, ఒకనాడు 'అస్త్రప్ప' అను పేరు చూచి, ఇదేమి పేరని నాయనమ్మ నడిగెను. ఆమె బడికి బోయినది అయిదవ తరగతి వఱకే. రెండు మాఱులు పలికించుకొని, 'అచ్యుతప్ప రా, మీ ముత్తాత తోడల్లుని పేరు గూడ అదే' అనెను. పండితులు శ్రమించి తేల్చిన దానిని ఆమె చెవి యొక నిమిషమున బట్టుకొనెను. మన పేర్లు, ఊళ్లు, బట్టల రకములు డచ్చివాని చెవిలో బడి వంకరపోయి ఆ కాగితములలో నున్నవి. వానిని సరిచేయుటకు తెలుగు తెలిసిన చెవి కావలెను.

ఆ పిల్లవానికి తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. 2006 నాటి శాసనము వలన మన రాష్ట్రపు బడులలో తమిళము నిర్బంధ ప్రథమభాష యైనది. తమిళము నేర్చుట మనకు బరువు కాదు. ఈ నేలపై దినువారము, దాని భాష మనకు వలయును. కాని దానితో తెలుగక్షరము బడినుండి జారిపోయినపుడు ఇంటిలోనైన పట్టుకొనకపోవుట మన తప్పు. హాలండు ప్రయాణమునకై చలికోటులు, ఊరగాయ జాడీలు ఏర్పఱచు శ్రద్ధలో పదవవంతు చాలును. అక్షరములు నేర్చుటకు మూడు నెలలు చాలునని మేము చూచియున్నాము; నాయనమ్మ యొద్ద ఇప్పుడు వాడు గుణింతములు దిద్దుచున్నాడు. 'ఋ' దగ్గఱ మాత్రము ఇద్దఱికిని తగవు వచ్చినదని వినికిడి.

వచ్చు సెప్టెంబరులో మన సంఘపు కుటుంబముల నుండి మఱి ఇద్దఱు బాలికలు హాలండునకు బోవుచున్నారు. ఒకతె డెల్ఫ్ట్ నగరమున నీటి పారుదల శాస్త్రము చదువనున్నది. బయలుదేరుటకు ముందు వారిని పళవేర్కాటికి దీసికొనిపోయి, కోట దిబ్బను, సమాధులను, ఏరు సరస్సులో గలియు చోటును జూపుటకు నిశ్చయించితిమి. రాదలచిన వారు ఉదయము ఏడు గంటలకు పొన్నేరి బస్సునిలయమున గలిసికొనవచ్చును.