గాథాసప్తశతిలోని ప్రోషితభర్తృక - గోదావరీ తీరము

హాలుని పేర వెలసిన గాథాసప్తశతి మహారాష్ట్రీ ప్రాకృతమున గూర్పబడిన సుమారు 700 ముక్తకముల సంకలనము. దేశాంతరగతుడైన భర్తకై యెదురుచూచు ప్రోషితభర్తృక యందు పలుమారులు గానవచ్చును. ఆలంకారికు లీమెను అష్టవిధనాయికలలో నొకతెగా లెక్కించిరి. ఆమె యొంటరితనమునకు గారణమేమో చరిత్రదృష్టితో విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మేఘదూతమునందలి యక్షుడు శాపవశమున బ్రియురాలిని బాసెను. గాథలలోని భర్తకు సామాన్యముగా శాపము లేదు. అతడు త్రోవబట్టిపోయిన పథికుడు. వానకారు వచ్చిన బాటలు మూతపడును గావున, అంతకు మున్నే యతడు ఇల్లు చేరవలయును. కనుక తొలిమేఘ మా యిల్లాలికి ఉద్దీపనవిభావము మాత్రమే కాదు, గడువు దీరినదను వార్త. ఆమె గోడపై గీతలు గీచి దినములు లెక్కించును. తన బాధను సఖితోనో 'అత్తా' యని పిలిచి యింటి పెద్దతోనో చెప్పుకొనును. ఈ 'అత్త' పదము తెలుగునకు సన్నిహితమని పండితులు గుర్తించియున్నారు.

ఇట్టి ప్రయాణములకు దగిన సమాజము గోదావరీ తీరమున నుండెననుటకు నిదర్శనములు గలవు. పూర్వపు కరీంనగరు జిల్లాలో, పెద్దవాగు గోదావరిని గలియుచోట, కోటిలింగాల యున్నది. అచ్చట సాతవాహన రాజగు శ్రీముఖుని నాణెములును, అంతకు పూర్వులగు గోభద సామగోపుల నాణెములును లభించినవి. పెద్దబంకూరు త్రవ్వకములలో సాతవాహనుల నాణెములు వేలకొలదిగా బయల్పడినవి. నాణెము విరివిగా జెల్లు చోట వర్తకమును, వర్తకమున్న చోట బాటసారియు, బాటసారి వెనుక నింట నొంటిగా మిగిలిన యిల్లాలును ఉందురు.

అయినను ఈ గాథలు కోటిలింగాలయందే పుట్టినవనుట సాహసము. గోదావరి నాసికనుండి సముద్రమువరకు బ్రవహించు నది. ప్రతిష్ఠానమును దాని తీరముననే యున్నది. సంకలనము సైతము పలుకాలముల చేతులు పడి పెరిగినది. ఈ తీరపు జీవనము గాథలలోని విరహమునకు అనుకూలమని మాత్రము చెప్పవచ్చును.

1970ల నాటినుండి జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి పురుషులు వేలకొలదిగా గల్ఫు దేశములకు గూలికై పోవుచున్నారు. నాడు వానకారు గడువు; నేడు ఒప్పందపత్రము గడువు. దూరవాణి మాట నందించును గాని మనిషి నందింపదు. ప్రోషితభర్తృకా లక్షణమును బాఠశాలలో బోధించు పండితులు ఈ సంగతియు జెప్పిన, ఆ నాయిక విద్యార్థులకు లక్షణగ్రంథములోని పేరుగాక, తమ యూరి యిల్లాలుగా దోచును.