ఒక్క పేజీ దిద్దుతారా?

నేను డబ్లిన్‌లో ఐటీ కన్సల్టెంటుని. ఇవాళ నాకెదురైన ఒక భంగపాటు గురించీ, అది నాచేత చదివించిన ఐర్లండు చరిత్ర గురించీ చెబుతాను.

ఒక ఉగాదికి మనవాళ్లంతా చేరిన హాల్లో ఓ మూల బల్ల వేసుకుని కూర్చున్నాను. తెలుగు వికీపీడియాకి ఇక్కడ పదిమందిని కూడగట్టాలని నా ఆశ. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు దాన్ని మొదలుపెట్టడం, జీతం భత్యం లేకుండా ఔత్సాహికులే దాన్ని పెంచడం, అన్నీ ఏకరువు పెట్టాను. పులిహోర ప్లేట్లతో వచ్చినవాళ్లు శ్రద్ధగానే విన్నారు. "మంచి పనేనండీ, కానీ మాకేం తెలుసని రాస్తాం?" అన్నారు. ఏడుగురు పేర్లిచ్చారు. ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు. మనవాళ్లకి భాష మీద ప్రేమ లేదని అలిగి ఇంటికొచ్చాను.

ఆ తరవాత ఇక్కడి జానపద సేకరణ కథ చదివాను. ఐర్లండు ప్రభుత్వం 1935లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ఏర్పాటు చేసింది. పాత సంగతులు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఊరూరా తిరగడానికి ఉద్యోగులు కొద్దిమందే. అందుకని బడిపిల్లల సాయం అడిగారు. 1937 నుంచి 1939 దాకా సుమారు 5,000 బడుల్లో 50,000 మందికి పైగా పిల్లలు ఈ పని చేశారు. వ్యాసరచన పీరియడుకి బదులు ఇదే పని! షాన్ ఓ సూలివాన్ తయారుచేసిన చిన్న పుస్తకంలో 55 అంశాలున్నాయి: నాటువైద్యం, వాన గుర్తులు, వెన్న చిలకడం, కరువు రోజులు ఇలాంటివి. పిల్లలు తాతల్నీ అమ్మమ్మల్నీ ఇరుగుపొరుగునీ అడిగి రాసుకొచ్చారు. మొత్తం 7,40,000 పేజీల దాకా తేలింది.

గమనించారా? "విజ్ఞానం రాయండి" అని ఎవరూ వాళ్లని అడగలేదు. "మీ ఇంట్లో వెన్నెలా చిలికేవారో అడిగి రా" అన్నారు, అంతే. మావాళ్లలో లోపం లేదు, నేనడిగిన తీరే తప్పు.

ఈ కాలంలో ఆ చేతిరాత పేజీలను స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. వాటిని చదివి టైపు చేసిపెట్టింది మళ్లీ మామూలు జనమే. ఆ పనికి 'మెహల్' అని పేరు పెట్టారు. ఇవాళ మీ చేలో కోత, రేపు మా చేలో కోత అంటూ పల్లెల్లో ఒకరికొకరు సాయపడడాన్ని ఐరిష్‌లో అలా అంటారు. మన ఊళ్లకి కొత్తదేం కాదు కదా!

మరుసటి సమావేశానికి ఉపన్యాసం మానేసి లాప్‌టాప్‌లో తెలుగు వికీసోర్స్ తెరిచిపెట్టాను. ఒక పక్క పాత పుస్తకం పేజీ బొమ్మ, ఇంకోపక్క యంత్రం చదివిన అక్షరాలు. "ఈ ఒక్క పేజీలో తప్పులు దిద్దుతారా?" అని మాత్రమే అడిగాను. కూతురి దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ కళ్లజోడు తెప్పించుకుని కూర్చున్నారు. యంత్రం వదిలేసిన అరసున్నలన్నీ పట్టేశారు. "అరసున్న అంటే ఏంటి అమ్మమ్మా?" అని మనవరాలు పక్కన చేరింది. భోజనాలకి పిలిచేలోగా మూడు పేజీలయ్యాయి.

ఇప్పుడు మేం నలుగురం. పదిమంది కాలేదు, నిజమే. కానీ ఈ నలుగురూ పని చేస్తున్నారు. మీ ఊళ్లో కూడా ఎవరినైనా ఒక్క పేజీ అడిగి చూడండి. సెలవు.