తిరుమల కొండదారియు, బండి టైర్లును



నలువది యేండ్లకు దగ్గరగా పిల్లలకు శబ్దములు, సంధులు, సమాసములు నేర్పినవాడను. అట్టివాడు మోటారు టైర్లను గూర్చి ప్రసంగింప వచ్చినాడేమని మీరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు గాని, కొంచెము వినుడు. గత కార్తీకమున జరిగిన యొక చిన్న సంగతి నన్నీ విచారమున దింపినది.

నాయొద్ద చదువుకొన్న యువకుడొకడు చిత్తూరు దగ్గర బెల్లపు వ్యాపారము చేయుచున్నాడు. వాని తండ్రి కొన్న పాత మారుతి 800 బండి వానికి ప్రాణము. 1983 డిసెంబరు 14వ తేదీన తొలిసారిగా జనుల చేతికి వచ్చిన బండి జాతి యది. 2014లో దాని తయారీ నిలిచిపోయినది. ఇతడు దానికి రంగు మార్చి, దీపములు మార్చి, తుదకు చక్రములు గూడ మార్చించినాడు. “అయ్యవారూ, టైర్లు వెడల్పు చేయించినాను. బండికి అందము వచ్చినది, నేలమీద పట్టును వచ్చినది. కొండకు పోయి వత్తము రండి” అని పిలిచినాడు. వెళ్లితిమి.

ఎక్కునప్పుడు, కొండమీదికి చేరువైన కడపటి వంపులలో స్టీరింగు నిండుగా త్రిప్పినప్పుడెల్ల చక్రము పైరేకునకు గీచుకొని చప్పుడు చేసెను. వాడు లెక్క పెట్టలేదు. దర్శనమై దిగునప్పుడు మాత్రము కథ మారినది. రెండవ గేరులో వేసినను బండి మునుపటివలె ఆగి ఆగి దిగక, ముందునకు తోసికొని పోసాగినది. వాడు మాటిమాటికి బ్రేకు నొక్కుచుండెను. సగము దారి దిగునప్పటికి కాలిన వాసన వచ్చెను. పెడలు మెత్తబడినదని వాడు మెల్లగా అన్నాడు. వెనుక సీటున వాని యిద్దరు బిడ్డలు నిద్రించుచున్నారు. దారి ప్రక్కన తావు చూచి నిలిపి, ముప్పావు గంటసేపు చక్రములు చల్లారనిచ్చి, నడకకంటె కొంచెము వేగముగా దిగితిమి. ఆ ముప్పావు గంటలో నాకు కలిగిన ప్రశ్నకు జవాబే యీ ప్రసంగము.

చక్రమునకు సంస్కృతమున నాభి, అరములు, నేమి యని పేర్లు. మన వడ్రంగి వీనినే కుండ, ఆకులు, పూటీలు అనును. పూటీలపైన కమ్మరి బిగించు ఇనుపపట్టాయే కట్టు. కట్టు వేయుట చూచినవారు మీలో చాలమంది యుందురు. కమ్మరి మొదట చక్రపు చుట్టుకొలత తీయును. పట్టాను దానికంటె వ్రేలెడు తక్కువగా కోసి అతికించును. పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చినప్పుడు అది సాగి చక్రముపై దిగును. నీళ్లు చల్లగానే ముడుచుకొని, ఆకులను కుండలోనికి బిగించును. కొలత హెచ్చైనచో నాలుగు నాళ్లలో కట్టు ఊడిపోవును. మరీ తక్కువైనచో ఆకులు విరుగును. “కట్టు కొలత తప్పిన బండి ఎద్దులకు శత్రువు” అని మా ఊరి ముసలి కమ్మరి యనుచుండెడివాడు. అతనికి అక్షరము రాదు. కాని యీ విషయమున నా శిష్యునికంటె తెలిసినవాడు.

టైరను ఇంగ్లీషు మాటకు మూలమున ఉడుపు అనియే అర్థమట. రబ్బరు ఉడుపు వచ్చిన చరిత్ర దూరమైనది కాదు. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసగును. దానిని గంధకముతో కాచి గట్టిపరచు విధమును అమెరికావాడైన చార్లెస్ గుడియర్ 1839లో కనుగొనెను. గాలి నింపిన చక్రమునకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండువాడు హక్కుపత్రము పొందెను. అప్పటికి మోటారు లేదు, ఆ తలపు మరుగున పడినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్లమీద ఎగురకుండుటకై గాలిగొట్టములు చుట్టి, ఆ వింతను మరల లోకమునకు తెచ్చెను. 1895లో మిషెలిన్ సోదరులు ఫ్రాన్సు దేశపు పందెమున మోటారుబండికి గాలి టైర్లు తొడిగిరి. పశువైద్యుని పేరు మన ఎద్దులబండికే తగులుకొనుట ఉచితముగా నున్నది: రబ్బరు చక్రముల బండిని డన్‌లప్ బండి యని నేటికిని పిలుచువారు కలరు.

ఇక మన కొండదారి. అలిపిరినుండి మూడువేల ఐదువందల పైచిలుకు మెట్లెక్కియో, చంద్రగిరి వైపు శ్రీవారి మెట్టు దారినో, చేతకానివారు డోలీలలోనో శతాబ్దములుగా జనులు కొండ చేరుచుండిరి. మొదటి ఘాటురోడ్డును 1944 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ తెరచెను. దాని రచనకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు చెప్పుదురు. పొడవు సుమారు 19 కిలోమీటర్లు, మెలికలు 36.

ఆ సంవత్సరమును ఒకసారి ఆలోచింపుడు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమయ్యెను. మలయాయు, తూర్పు దీవులును పోగా, లోకమునకు రబ్బరు వచ్చు ముఖ్యద్వారము మూతపడెను. మన దేశమున టైర్లకు రేషను వచ్చినది. పెట్రోలును లేక బస్సులకు వెనుక బొగ్గుకుంపటి తగిలించిరి. టైర్లు దొరకని కాలమున, టైర్లను అన్నింటికంటె ఎక్కువగా అరుగదీయు దారి తెరువబడినదన్నమాట! మా నాయనగారు అప్పటికి పదునాలుగేండ్ల బాలుడు. తొలినాళ్లలో ఆ దారిని బస్సులో ఎక్కిన ముచ్చటను ఆయన చెప్పుచుండెడివారు. టైరు చినిగినచోట లోపల పాతటైరు ముక్క పెట్టి, మరల గొట్టము దోపి, గాలి కొట్టి నడిపెడివారట. ప్రతి మెలికలోను ప్రయాణికులు గోవింద నామము ఎత్తుకొనెడివారట; భక్తి కొంత, భయము కొంత అని నాయనగారు నవ్వెడివారు. అరిగి పనికిరాని టైరు మన చెప్పులదుకాణమునకు చేరెడిది. టైరుచెప్పులు తొడిగి పెరిగినవాడనే నేనును.

1974లో రెండవ ఘాటురోడ్డు వచ్చినది. నేడు దానిమీద ఎక్కుట, పాతదారిని దిగుట. అనగా ఎక్కువ మెలికలున్న దారి దిగువారికి దక్కినది. ఎక్కుట యంత్రమునకు పరీక్ష. దిగుట టైరునకును బ్రేకునకును పరీక్ష. అతివేగముగా దిగినవారిని క్రింది గేటులో పట్టుకొనుటకై కాలపు చీటీలిచ్చు కట్టుబాటును పెట్టిరి. అది మంచిదే. కాని చీటీ బండివేగమును చూచును గాని, చక్రపు కొలతను చూడదు గదా.

ఆ కొలతను ఇపుడు చూతము. టైరు ప్రక్కన అచ్చువేసిన అంకెలు మంత్రాక్షరములు కావు. చదువుట నేర్చినచో లెక్కల పుస్తకమంత సులభములు. నా శిష్యుని బండికి మొదట నున్నది 145/70 ఆర్ 12. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది, ఆ వెడల్పులో నూటికి ఎన్నిపాళ్లు ప్రక్కగోడ ఎత్తో చెప్పును: 145లో 70 పాళ్లనగా 101న్నర మిల్లీమీటర్లు. ఆర్ అనగా రేడియల్. లోపలి దారములు ఒక అంచునుండి మరియొక అంచునకు నిలువుగా పోవును, వానిపైన నడకభాగము క్రింద ఉక్కుపట్టీ చుట్టబడి యుండును. పూర్వపు టైర్లలో దారములు చాపనేతవలె అడ్డముగా ఒకదానిపై నొకటి పోయెడివి. మిషెలిన్‌వారు రేడియల్‌ను 1949లో అంగడికి తెచ్చిరి. మెలికలో ప్రక్కగోడ వంగినను నడకభాగము నేలను విడువకుండుట దాని గుణము. కడపటి 12 ఇనుపచక్రపు అడ్డుకొలత, అంగుళములలో. మిల్లీమీటర్లలో అది 304.8. దానికి ప్రక్కగోడ రెండుమార్లు కలిపినచో మొత్తము 507.8.

వాడు వేయించినది 165/65 ఆర్ 13. అదే లెక్కను పెట్టినచో 544.7 వచ్చుచున్నది. ముప్పదియేడు మిల్లీమీటర్లు హెచ్చు; నూటికి ఏడుపాళ్లు. ఇది చిన్నదిగా కనిపించును. కాని చక్రము పెద్దదైన కొలది, ఒక చుట్టులో బండి ఎక్కువ దూరము పోవును. వేగముముల్లు 60 చూపునప్పుడు బండి నిజముగా 64 దాటి పోవుచుండును. ఇంతకంటె ముఖ్యమైనది: గేరులో నుండి యంత్రము బండిని పట్టియుంచు బలము నేలదగ్గర ఏడుపాళ్లు తగ్గును. బ్రేకు బలమును అంతే తగ్గును. పొడుగు కాడిని పట్టి త్రిప్పువానికి సులువు, నిలుపువానికి కష్టము అన్నట్లు. ఆ లోటు సమతలమున తెలియదు. ముప్పదియారు మెలికల దారిలో, నలుగురు కూర్చున్న బండిలో, ప్రతి మెలికకును కొంచెము కొంచెముగా చేరి, వేడియై బ్రేకునెక్కును. పైరేకునకు గీచుకొనుట ముందు వచ్చిన హెచ్చరిక. వానికి టైర్లమ్మిన అంగడివాడు ఇంత లెక్క చెప్పలేదు, వీడును అడుగలేదు.

చక్రము పెద్దది కావలెనన్న కోరిక తప్పు కాదు. తయారుచేయువారే దానిని చేయుచున్నారు. స్విఫ్టు బండిని ఒకే అచ్చులో రెండు విధములుగా అమ్మిరి: తక్కువ వెలదానికి 165/80 ఆర్ 14, ఎక్కువ వెలదానికి 185/65 ఆర్ 15. మీ మనుమలచేత లెక్క వేయించి చూడుడు. మొదటిది 619.6, రెండవది 621.5. ఇనుపచక్రము అంగుళము పెరిగినది, ప్రక్కగోడ ఆ మేరకు తగ్గినది. బయటి కొలత రెండు మిల్లీమీటర్లైనను మారలేదు. మా ఊరి కమ్మరి సూత్రమే యిది. బయటి కొలతలో నూటికి రెండుమూడు పాళ్లకు మించి తేడా రాకూడదని పనివారి మాట. పైగా 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము, బండిని తయారీదారు చెప్పిన స్వరూపమునుండి ఇచ్చవచ్చినట్లు మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టును దానినే గట్టిపరచినది.

పట్టు విషయమున నా శిష్యుని నమ్మకము సగము నిజము. పొడిదారిలో మెలిక తిరుగునప్పుడు వెడల్పు టైరు కొంత మేలే. కాని మన కొండకు వానలు ముఖ్యముగా ఆశ్వయుజ కార్తీకములలో కురియును, మంచును దిగును. నీటిపైన పట్టునిచ్చునది వెడల్పు కాదు, నడకభాగమందలి గాళ్లు. నీరు వానిగుండ ప్రక్కకు పోవలెను; పోనిచో టైరు నీటిపై తేలును. అరిగిన చెప్పుతో కోనేటి మెట్టు దిగినవానికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మారుతి వంటి 650 కిలోల తేలిక బండికి వెడల్పు టైరు వేసినచో, అంగుళమునకు పడు బరువు తగ్గి, తేలుట మరింత త్వరగా వచ్చును. గాళ్లు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నిబంధన కలదు. ఆ మేరకు గాళ్లలో చిన్న దిమ్మెలు పోసియుందురు, టైరు వానితో సమమైనచో దాని ఆయువు తీరినట్లు. వానకాలమునకు ముందే మార్చుట నా మతము. గాళ్లు నిండుగ నున్నను రబ్బరు ముసలిదగును. ప్రక్కన చిన్న గడిలో నాలుగంకెలుండును: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున పుట్టినదని అర్థము. అంగడిలో మొదట ఆ జాతకము చూడవలెను. ఒక యిరుసునకు రెండు రకముల టైర్లు కూడవు. గాలిని బండి చల్లగా నున్నప్పుడు, అలిపిరికి ముందే సరిచూడవలెను.

రబ్బరు పరిశ్రమకు మనము దూరపువారమేమియు కాము. మద్రాసు చెంత తిరువొత్తియూరులో 1946లో పిల్లల బుడగలు చేయుటతో మొదలై, 1961లో టైర్లు చేసిన సంస్థ మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీ. మన వరదయ్యపాళెము మండలమందలి చినపాండూరులో 2020లో అపోలో టైర్ల కర్మాగారము పని మొదలుపెట్టినది. అది యిప్పుడు 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోనిది. సింగపూరు పడిపోయినందుకు మన బస్సులు నిలిచిన నాటినుండి ఇంటివాకిట టైరు పుట్టు నాటికి ఎనుబదియేండ్లు కూడ పట్టలేదు.

నా శిష్యునికి ఈ లెక్కలన్నియు కాగితముపై వేసి చూపితిని. చిన్నప్పుడు భిన్నములు రాక నాచేత దెబ్బలు తిన్నవాడు. ఈసారి తానే రెండుమార్లు కూడి చూచెను. పాత పండ్రెండంగుళముల చక్రములు అటుకమీద నున్నవట. వానికే 145/70 కొత్త టైర్లు నాలుగు వేయించి, బ్రేకు దిమ్మెలు మార్పించి, మాఘమున మరల పిలిచినాడు. పాతదారిని రెండవ గేరులో దిగితిమి. మెలికలను బిడ్డలిద్దరు లెక్కపెట్టిరి. చిన్నదానికి ముప్పదినాలుగే వచ్చినవి, మధ్యలో రెండుచోట్ల కోతులను చూచుచు మరచినదట. తీసివేసిన వెడల్పు టైర్లు ఇప్పుడు వాని బెల్లపు కొట్టము ముందు ఒకదానిపై నొకటి యున్నవి. వానిమీద కోళ్లు కూర్చుండును.