విండోస్ అప్‌గ్రేడ్ లైసెన్సుల చరిత్ర

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు లైసెన్సు ఉన్నవారికి కొత్త వెర్షన్‌ను తక్కువ ధరకు ఇచ్చే ఒప్పందమే అప్‌గ్రేడ్ లైసెన్సు. ఫుల్ వెర్షన్ పెట్టెలోనూ అప్‌గ్రేడ్ పెట్టెలోనూ ఉండే ప్రోగ్రాము దాదాపు ఒకటే. తేడా హక్కులో ఉంది. అప్‌గ్రేడ్ కొన్నవారి హక్కుకు వాళ్ల దగ్గరున్న పాత లైసెన్సే ఆధారం. అది లేకపోతే డబ్బు పెట్టి కొన్న అసలు సీడీ చేతిలో ఉన్నా లైసెన్సు లేనట్టే లెక్క. మైక్రోసాఫ్ట్ ఈ అమ్మకాలను 1991 నుంచి రెండు దశాబ్దాలకు పైగా నడిపింది. కొనేవారి దగ్గర పాతది ఉందని ఎలా రుజువు చేసుకోవాలో మాత్రం దాదాపు ప్రతి వెర్షన్‌కూ మార్చుకుంటూ వచ్చింది.

డాస్ నుంచి ఎక్స్‌పీ దాకా

1980లలో ఎంఎస్-డాస్‌ను మైక్రోసాఫ్ట్ ప్రధానంగా కంప్యూటర్ తయారీదారులకే ఇచ్చేది. వాళ్లు దాన్ని తమ యంత్రంతో కలిపి అమ్మేవాళ్లు. 1991 జూన్‌లో డాస్ 5.0 అప్‌గ్రేడ్ ప్యాకేజీ నేరుగా దుకాణాల్లోకి వచ్చింది. హార్డ్ డిస్కు మీద అప్పటికే డాస్ ఉంటే దాని మీద ఎక్కేది. పాత ఫైళ్లను వేరే డైరెక్టరీలో భద్రపరచి, కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్లే దారి కూడా ఉంచేది. పోటీదారులు కూడా కొనేవారి పాత లైసెన్సును లెక్కలోకి తీసుకున్నారు. ఐబీఎం 1993లో తెచ్చిన ‘ఓఎస్/2 ఫర్ విండోస్’లో మైక్రోసాఫ్ట్ విండోస్ కోడ్ ఉండదు. కంప్యూటర్‌లో ముందే ఉన్న విండోస్ 3.1నే అది వాడుకుంటుంది. ఆ మేరకు మైక్రోసాఫ్ట్‌కు కట్టాల్సిన రాయల్టీ తప్పింది.

1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైనప్పుడు అమెరికాలో అప్‌గ్రేడ్ ధర సుమారు 109 డాలర్లు, ఫుల్ వెర్షన్ సుమారు 209. 2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీ హోమ్‌కు ఈ ధరలు 99, 199 డాలర్లు. అంటే పాత లైసెన్సు విలువ దాదాపు వంద డాలర్లు.

ఆ రోజుల్లో రుజువు చూపించడం సులువు. ఖాళీ హార్డ్ డిస్కు మీద విండోస్ 98 అప్‌గ్రేడ్ సీడీతో మొదలుపెడితే, సెటప్ మధ్యలో ఆగి పాత విండోస్ సీడీ పెట్టమంటుంది. విండోస్ 95 సీడీ పెట్టగానే తనకు కావలసిన ఫైళ్లు అందులో ఉన్నాయో లేదో చూసుకుంటుంది. తర్వాత మళ్లీ 98 సీడీ పెట్టమని ముందుకు సాగుతుంది. ఎక్స్‌పీ అప్‌గ్రేడ్ సీడీదీ ఇదే తీరు. కొన్నవారికి ఇది చాలా మేలు చేసిన పద్ధతి. డిస్కు పాడైనా, వైరస్ పట్టి ఫార్మాట్ కొట్టాల్సి వచ్చినా, ముందు పాతది ఎక్కించి దాని మీద కొత్తది ఎక్కించే రెట్టింపు చాకిరీ తప్పేది. బీరువాలో పాత సీడీ ఉంటే చాలు. అయితే ఆ సీడీ సొంతదో పక్కింటివాళ్లదో సెటప్‌కు తెలియదు.

ఎక్స్‌పీతో ప్రాడక్ట్ యాక్టివేషన్ వచ్చింది. కొన్న కీని ఆ కంప్యూటర్ హార్డ్‌వేర్‌తో ముడిపెట్టి మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేసే పద్ధతి ఇది. ఒకే కీని పది కంప్యూటర్లలో వాడకుండా ఆపడం దాని పని. అప్‌గ్రేడ్‌కు ఆధారమైన పాత లైసెన్సు ఉందా అని అది అడగదు. ‘యాక్టివేట్ అయింది కాబట్టి లైసెన్సు సక్రమమే’ అనే అపోహ ఇక్కడే మొదలైంది. అది నేటికీ పోలేదు.

పాత లైసెన్సు ఏమవుతుంది?

విండోస్ లైసెన్సుల్లో జనం ఎక్కువగా ఎరిగినవి రెండు రకాలు. కంప్యూటర్‌తో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సు ఆ యంత్రంతోనే పుట్టి దానితోనే పోతుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును ఒక కంప్యూటర్ నుంచి తీసేసి మరోదానికి మార్చుకోవచ్చు. అప్‌గ్రేడ్ చేస్తే కొత్త ఒప్పందం పాతదాని స్థానంలోకి వస్తుంది. పాత సీడీని తమ్ముడి కంప్యూటర్‌కో, బంధువుల కంప్యూటర్‌కో ఇవ్వడానికి వీల్లేదు. ఇంట్లో ఎక్కువమంది తెలియక చేసిన ఉల్లంఘన ఇదే. పెట్టె మీద ఈ ముక్క పెద్ద అక్షరాలతో రాసి ఉండాల్సింది.

తెలుగు నేల మీద ఈ నిబంధన మరోరకంగా అడ్డొచ్చింది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల విడిభాగాలు కొని కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవడం ఏళ్ల తరబడి సాగిన పద్ధతి. అలా తీసుకున్న యంత్రానికి విండోస్ విడిగా కొనకపోతే ఆధారమయ్యే లైసెన్సే లేదు. వాళ్లకు అప్‌గ్రేడ్ ఎంత చౌకగా దొరికినా ప్రయోజనం లేదు, ఫుల్ వెర్షన్ కొనాల్సిందే.

పాత కాపీ గురించి అమెరికాలో పెద్ద తీర్పే వచ్చింది. అది ఆటోక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది. ఒక ఆర్కిటెక్టుల సంస్థ రిలీజ్ 14 కాపీలను వాడుతూ, 2000లో కొత్త వెర్షన్‌కు ఒక్కోదానికి 495 డాలర్లతో అప్‌గ్రేడ్ అయింది. కొత్తగా కొంటే ధర 3,750 డాలర్లు. పాత కాపీలను ధ్వంసం చేయాలన్నది ఆ తగ్గింపుకు షరతు. సంస్థ ధ్వంసం చేయకుండా వాటిని అమ్మేసింది. కొన్న వెర్నర్ అనే వ్యక్తి ఈబేలో అమ్మబోతే ఆటోక్యాడ్ తయారీ కంపెనీ ఆటోడెస్క్ అడ్డుకుంది. వెర్నర్ వర్సెస్ ఆటోడెస్క్ కేసులో 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కంపెనీ పక్షాన నిలిచింది. ఆ సంస్థ కాపీలకు యజమాని కాదు, లైసెన్సుదారు మాత్రమే కాబట్టి అమ్మే హక్కు దానికి లేదంది. యూరప్ వేరే దారి పట్టింది. 2012 జూలై 3న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో కాలపరిమితి లేని లైసెన్సును తిరిగి అమ్ముకోవచ్చని తీర్పిచ్చింది. అమ్మినవారు తమ కాపీని వాడటం మానేయాలని షరతు పెట్టింది.

మన దేశంలో ఈ వివాదం పన్నుల వైపు నుంచి వచ్చింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పింది. సీడీ వంటి మాధ్యమంలో రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ ‘సరుకు’ కిందికే వస్తుందనీ, దానికి అమ్మకపు పన్ను వర్తిస్తుందనీ తేల్చింది. పన్ను కట్టేటప్పుడు సరుకు, తిరిగి అమ్మబోతే లైసెన్సు! సామాన్యుడు తికమకపడితే తప్పు అతనిది కాదు.

విస్టా, విండోస్ 7

2007 జనవరి 30న దుకాణాలకు వచ్చిన విస్టాతో మైక్రోసాఫ్ట్ పాత సీడీ చూపించే పద్ధతిని తీసేసింది. అప్‌గ్రేడ్ కీ పనిచేయాలంటే నడుస్తున్న పాత విండోస్ లోపలి నుంచే సెటప్ మొదలుపెట్టాలి. నిజాయితీగా డబ్బు కట్టినవారినే ఇబ్బంది పెట్టిన నిర్ణయం ఇది. డిస్కు ఫార్మాట్ చేసిన ప్రతిసారీ ముందు ఎక్స్‌పీ, తర్వాత విస్టా ఎక్కించుకోవాలి.

కొద్ది రోజుల్లోనే అడ్డదారి బయటపడింది. అప్‌గ్రేడ్ డీవీడీతో కంప్యూటర్‌ను బూట్ చేసి, కీ అడిగినచోట ఏమీ ఇవ్వకుండా విస్టాను 30 రోజుల ట్రయల్‌గా ఎక్కిస్తారు. ఆ ట్రయల్ లోపలి నుంచి మళ్లీ సెటప్ నడిపి, ఈసారి కీ ఇస్తారు. విస్టా తనను తానే పాత వెర్షన్‌గా లెక్కేసుకుని అప్‌గ్రేడ్ అయిపోతుంది. పాత లైసెన్సు ఉన్నవారికి ఇది శ్రమ తగ్గించే మార్గం. లేనివారు ఇలా చేస్తే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది గానీ హక్కు మాత్రం రాదు.

విండోస్ 7 విడుదలకు ముందు, 2009 జూన్ 26 నుంచి జూలై 11 వరకు, అమెరికాలో హోమ్ ప్రీమియం అప్‌గ్రేడ్‌ను 49.99 డాలర్లకే ముందస్తుగా అమ్మారు. దాని మామూలు ధర 119.99. ప్రొఫెషనల్ 199.99కి బదులు 99.99. తర్వాత మూడు కంప్యూటర్లకు సరిపోయే ఫ్యామిలీ ప్యాక్ 149.99కి, అర్హత గల విద్యార్థులకు ఒక కాపీ 29.99కి ఇచ్చారు. ఇంత చౌకగా దొరికేసరికి వివరాలు చదవకుండానే కొన్నవాళ్లు ఎక్కువ. ముఖ్యంగా ఎక్స్‌పీ వాడేవారు చిక్కుల్లో పడ్డారు. తగ్గింపు ధరకు వాళ్లు అర్హులే, కానీ ఎక్స్‌పీ మీద నేరుగా విండోస్ 7 ఎక్కదు. ఫైళ్లన్నీ వేరేచోట దాచుకుని, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, ప్రోగ్రాములన్నీ మళ్లీ ఎక్కించుకోవాలి. 32 బిట్ నుంచి 64 బిట్‌కు మారేవారికీ అంతే. అప్‌గ్రేడ్ ధరకు అర్హత ఉండటం, అప్‌గ్రేడ్ పద్ధతిలో ఎక్కించగలగడం వేర్వేరు సంగతులు.

ఆఫీసుల లైసెన్సులు

వ్యాపార సంస్థలకు, కాలేజీలకు ఇచ్చే వాల్యూమ్ లైసెన్సుల విషయంలో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతూ వచ్చింది. డెస్క్‌టాప్ విండోస్‌కు ఇచ్చే వాల్యూమ్ లైసెన్సు అప్‌గ్రేడ్ మాత్రమే, ఫుల్ లైసెన్సు కాదు. ప్రతి కంప్యూటర్‌కూ అర్హత గల ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు ముందే ఉండాలి. ఇది తెలియక, విండోస్ లేని యంత్రాలు చౌకగా కొని వాల్యూమ్ కీతో నడిపిస్తే ఆడిట్‌లో దొరికిపోతారు. కీ అసలైనదే, బిల్లూ ఉంటుంది, లైసెన్సు మాత్రం ఉండదు. భారత కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో వచ్చిన 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడినవారికి 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఆఫీసు కొనుగోళ్లు చూసేవారు కంప్యూటర్ బిల్లులను, ఓఈఎం స్టిక్కర్లను భద్రంగా ఉంచుకోవాల్సింది ఇందుకే.

ఉచిత అప్‌గ్రేడ్లు

ధర పడిపోవడానికి ఆపిల్ పోటీ కూడా ఒక కారణం. మ్యాక్ ఓఎస్ టెన్ కొత్త వెర్షన్లను చాలాకాలం 129 డాలర్లకు అమ్మిన ఆపిల్, 2009లో స్నో లెపర్డ్‌ను లెపర్డ్ ఉన్నవారికి 29కి ఇచ్చింది. 2013లో మావెరిక్స్‌ను ఉచితం చేసింది. ఆపిల్ లైసెన్సు తమ సొంత కంప్యూటర్లకే పరిమితం కాబట్టి, ఆధారం ఉందా అన్న ప్రశ్న దానికి పెద్దగా రాలేదు.

2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8 ప్రో అప్‌గ్రేడ్‌ను 2013 జనవరి 31 వరకు 39.99 డాలర్లకు డౌన్‌లోడ్ చేసుకోనిచ్చారు. మన దేశంలో దాని ధర 1,999 రూపాయలు. ఎక్స్‌పీ, విస్టా, విండోస్ 7 ఉన్నవారందరూ దీనికి అర్హులు. విండోస్ 8.1తో దుకాణాల్లో అప్‌గ్రేడ్ పెట్టెలే పోయాయి, ఫుల్ వెర్షన్ ఒక్కటే మిగిలింది.

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఆయన హయాంలో, 2015 జూలై 29న విడుదలైన విండోస్ 10ను విండోస్ 7, 8.1 ఉన్నవారికి ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చారు. అప్‌గ్రేడ్ కాగానే ఆ కంప్యూటర్ హార్డ్‌వేర్ గుర్తు మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో డిజిటల్ లైసెన్సుగా నమోదయ్యేది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా కీ అక్కర్లేదు. మదర్‌బోర్డు మారిస్తే మాత్రం చిక్కే. 2016 ఆగస్టు నుంచి డిజిటల్ లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపెట్టే వీలు కల్పించారు. దొంగ కాపీ ఉన్న యంత్రాలకు ఈ ఉచిత అవకాశంతో లైసెన్సు రాదని కంపెనీ అప్పుడే చెప్పింది. గడువు 2016లో ముగిసినా పాత విండోస్ 7, 8 కీలు కొత్త విండోస్‌ను యాక్టివేట్ చేస్తూనే వచ్చాయి. 2023 సెప్టెంబరులో ఆ దారిని మూసివేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది.

2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11, విండోస్ 10 ఉన్నవారికి ఉచితమే. ఇప్పుడు అర్హత తేల్చేది యంత్రం: టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, నిర్ణీత ప్రాసెసర్ ఉండాలి. సక్రమమైన లైసెన్సు ఉన్నా యంత్రం పాతదైతే విండోస్ 11 అధికారికంగా రాదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10 మద్దతు ముగియడంతో అలాంటి కంప్యూటర్లు ఉన్నవారికి కొత్త యంత్రం కొనడమో, పరిమిత కాలపు పొడిగింపు భద్రతా అప్‌డేట్లు తీసుకోవడమో, లైనక్స్‌కు మారడమో మిగిలింది. ఇళ్లలో వాడేవారు నేటికీ డబ్బు కట్టి కొనే విండోస్ అప్‌గ్రేడ్ హోమ్ నుంచి ప్రోకు మారడం. దానికీ కింద యాక్టివేట్ అయిన హోమ్ లైసెన్సు ఉండాలి.